చుక్క ఆపిందెవరు?

"సంతకం పెట్టు ముత్తయ్యా. నాకు టైం లేదు."

విజయసారథి టైపు చేయించి తెచ్చిన కాగితాన్ని కౌంటర్ మీద పరిచాడు. ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా దాని మీద కారు తాళాలు పెట్టాడు. రేపల్లెలో పదిహేనేళ్ళుగా లాయరు. గడ్డం గీసుకోక నాలుగు రోజులైంది. ఆ నాలుగు రోజులూ గుంటూరు ఆసుపత్రిలో, ఒళ్ళు కాలిన తండ్రి మంచం పక్కనే కూర్చున్నాడు.

తెనాలి మారిస్‌పేటలో ఆ గీజర్ల రిపేరు షాపు ముత్తయ్యది. అరవై రెండేళ్ళ మనిషి. అందులో ముప్పై ఏళ్ళు స్టూలెక్కి గీజర్ల కింద తల పెట్టుకునే గడిపాడు. కాగితం చదువుదామని కళ్ళజోడు తీశాడు. చెయ్యి జారి అది కాస్తా కింద పడింది.

కూతురు హిమబిందు కళ్ళజోడు తీసి ఇవ్వలేదు. కాగితం లాక్కుంది. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదివి, ఏడేళ్ళుగా తండ్రితో పాటే షాపు నడుపుతున్న పిల్ల. పైకే చదివింది.

"'రేపల్లె వెంకట సుబ్బయ్యగారి ఇంట్లో గీజరుకి సేఫ్టీ వాల్వు నేను సరిగా బిగించలేదు. నా నిర్లక్ష్యం వల్లే గీజరు పేలి ఆయన ఒళ్ళు కాలింది...' ఏంటి సార్ ఇది?"

"తెలుగులోనేగా ఉంది."

"సంతకం పెట్టకపోతే?"

"సాయంత్రం అయిదింటికి స్టేషన్‌లో కంప్లైంటు ఇస్తాను. ఆరింటికి మీ నాన్నని జీపెక్కిస్తారు. పెడితే, పెద్దవాడు, పొరపాటున చేశాడు అని నేనే ఒక మాట సాయం చేస్తాను. లోపలికి వెళ్ళడం ఎలాగూ తప్పదు. ఎన్నాళ్ళన్నది మీ ఇష్టం."

ముత్తయ్య నెమ్మదిగా అడిగాడు. "మాస్టారికి ఎలా ఉంది బాబూ?"

విజయసారథి కౌంటర్ మీద అరచేత్తో కొట్టాడు. తాళాలు ఎగిరి పడ్డాయి. "నువ్వు అడగొద్దు ఆ మాట! భుజం నుంచి నడుము దాకా తోలు ఊడి వచ్చింది ఆయనకి. నీళ్ళు తాగించబోతే గ్లాసు చూసి భయపడుతున్నాడు."

ముత్తయ్య జేబులోంచి పెన్ను తీశాడు.

"నాన్నా! ఆ పెన్ను కింద పెట్టు."

"ఏమోనే అమ్మా" అన్నాడు ఆయన. "వాల్వు బిగించింది గుర్తుంది. గీజరు వేసి, కింద చుక్క పడుతోందో లేదో చూసి వచ్చానా అన్నదే గుర్తు రావట్లేదు. మొన్న వేమూరులో డ్రిల్లు మర్చిపోయి వచ్చాను. పోయిన నెల చేబ్రోలులో బిగించాల్సిన ఇల్లు వదిలేసి పక్కింటి తలుపు కొట్టాను. నాలుగు రోజుల నుంచి ఇదే ఆలోచన. మర్చిపోయే ఉంటాను."

"ఆరోజు ఇంటికొచ్చి నాకేం చెప్పావు? కుళాయిలో నీళ్ళు ఎర్రగా వస్తున్నాయన్నావు. ట్యాంకు లోపల రాళ్ళు దొర్లుతున్న చప్పుడన్నావు. గంట కాగినా లైటు ఆరట్లేదు, స్విచ్ మాడి గోధుమరంగుకి తిరిగింది అన్నావు. థర్మోస్టాట్ అతుక్కుపోయింది, ట్యాంకు నిండా గార పట్టింది, ఈ గీజరు తీసెయ్యండి అని వాళ్ళకి చెప్పావా లేదా?"

"చెప్పాను."

"చెప్పాడు" అన్నాడు విజయసారథి. "మీవాళ్ళు ఎవరింటికెళ్ళినా అదేగా చెప్పేది. కొత్తది అంటగట్టాలిగా! ఈ కబుర్లన్నీ వద్దు, బిగుసుకుపోయిన వాల్వు ఒక్కటి మార్చి వెళ్ళు అన్నాను. అదీ చేతకాలేదు."

హిమబిందుకి ఒళ్ళు మండింది. కానీ గొంతు పెంచలేదు.

"గీజరు అలాగే ఉందా సార్?"

"ఉంది. పోలీసులు వచ్చేదాకా చీపురు కూడా పెట్టనివ్వను."

"వాళ్ళకంటే ముందు నేను చూస్తాను."

"చూసి? ముక్కలు సర్దుతావా?"

"పక్కనే నిలబడి వీడియో తియ్యండి. వేలు పెడితే అడగండి."

విజయసారథి ఒక్క క్షణం ఆలోచించాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "రా. పది నిమిషాలు. నీ కళ్ళతో చూసి, నువ్వే మీ నాన్న చేత సంతకం పెట్టిద్దువు గాని."

అతని కారు కదిలాక హిమబిందు తండ్రి చేతిలో పెన్ను తీసి తన బ్యాగులో వేసుకుంది.

"నేను ఫోన్ చేసేదాకా ఏ కాగితమూ ముట్టుకోవద్దు."

"నిజంగా నేనే అయితేనో?" అన్నాడు ముత్తయ్య.

ఆమె స్కూటర్ స్టార్ట్ చేసింది. "అయితే నేనే వచ్చి పెట్టిస్తాను."

*

వేమూరు దాటేసరికి కారు కనుచూపు మేరలో లేదు. మార్గశిరం చలి పదకొండింటికి కూడా వదల్లేదు. కాలవ పక్క రోడ్డు మీద హిమబిందు స్కూటర్‌ని అది వెళ్ళగలిగినంత వేగంగా తోలింది. తలలో ఒకటే లెక్క. థర్మోస్టాట్ పోతే నీళ్ళు మరుగుతాయి. మరిగినంత మాత్రాన గీజరు పేలదు. పేలాలంటే ఆవిరికి దారి ఉండకూడదు. ఆ దారి సేఫ్టీ వాల్వు; నీళ్ళు కాగుతుంటే దాని నోట్లోంచి చుక్క పడుతోందంటే దారి తెరిచే ఉన్నట్టు. నాన్న బిగించిన వాల్వు.

లెక్క ఎటు నుంచి చేసినా నాన్న దగ్గరే ఆగుతోంది.

రేపల్లెలో వెంకట సుబ్బయ్యగారి ఇల్లు స్టేషన్‌కి దగ్గర వీధి. సంస్కృతం మాస్టారుగా రిటైరైన ఆయన పేరు చెప్తే దారిలో ఎవరైనా చూపిస్తారు. అడిగిన మనిషి దారి చూపించి, "పాపం, ఎవడో మెకానిక్కు చేసిన పనికి..." అన్నాడు. హిమబిందు థాంక్స్ చెప్పకుండా వచ్చేసింది.

గేటు దగ్గర విజయసారథి తల్లి శారద నిలబడి ఉంది. అరవై దాటిన మనిషి. తడిజుట్టు ముడి, తడిచీర, పాదాలకీ చేతులకీ పసుపు. రాత్రి ఆసుపత్రి నుంచి వచ్చింది. ఇంకా పూజ కాలేదు.

"ఎవరిది?"

"ముత్తయ్య కూతురు" అన్నాడు కొడుకు.

శారద రెండడుగులు వెనక్కి వేసింది. తగలకుండా ఉండటానికి కొంత, అసహ్యానికి కొంత. "నా పసుపుకుంకాలు తుడిచెయ్యబోయిన వాడి కూతుర్ని నా ఇంటికే తెచ్చావురా?"

"పది నిమిషాలే అమ్మా. చూసి పోతుంది."

"నేను మడిలో ఉన్నాను. దూరంగా నడవమను. దేన్నీ తాకొద్దని చెప్పు."

"నాకు వినిపిస్తోందండి" అంది హిమబిందు.

"వినిపించాలనే అన్నాను."

ఇంటి పక్క సందులోంచి వెనక వసారాలోకి వెళ్ళారు. శారద తగలకుండా దూరంగా వెనకే వచ్చింది. అక్కడ స్నానాలగది గోడకి, బయటివైపు, గీజరు బిగించి ఉండేది. ఇప్పుడు దాని రేకు చిరిగి రెండుగా వేలాడుతోంది. ట్యాంకు అడుగు అతుకు విడిపోయి నేల మీద బోర్లా పడి ఉంది. చుట్టూ తెల్లగా, ఎర్రగా గార పెళ్ళలు. ఉప్పునీటి బోరుతో పదేళ్ళు కాగిన గీజరు కక్కుకున్నదంతా అక్కడే ఉంది.

గీజరు ఉన్న చోటుకి కాస్త కిందుగా, మనిషి చెయ్యి అందనంత ఎత్తులో, పైకప్పు నుంచి తాళ్ళతో కట్టిన వెదురు దండెం. మడిబట్టలు ఆరేసేది. దాని మీద ఒక తెల్ల పంచె సగం జారి ఇంకా వేలాడుతోంది. కింద నేల మీద, బట్టలు తీసే పొడుగు కర్ర.

"ఇక్కడే" అన్నాడు విజయసారథి ఫోను పైకెత్తి వీడియో మొదలుపెడుతూ. "శుక్రవారం పొద్దున్న ఆరున్నరకి. మడిపంచె తీసుకుందామని కర్ర ఎత్తాడు. అంతే. కానివ్వు, పది నిమిషాలు మొదలయ్యాయి."

హిమబిందు టార్చి వేసి వంగింది. కాయిల్ ఉబ్బి పగిలింది. థర్మోస్టాట్ తీగ నల్లగా మాడింది. నాన్న చెప్పినవి ఒక్కటీ తప్పు లేదు. తరవాత ఆమె టార్చిని గోడ మీద మిగిలిన పైపు వెంట నెమ్మదిగా జరిపింది. చల్లనీళ్ళ పైపు చివర, కొత్త ఇత్తడి వాల్వు మెరుస్తోంది. కింద దాని నోరు, పెసరగింజంత రంధ్రం ఉండాలి.

రంధ్రం లేదు.

బూడిదరంగు ముద్ద ఒకటి దాన్ని పూర్తిగా మూసేసి, రాయిలా గట్టిపడి ఉంది.

"ఆఁ, కనపడిందా!" విజయసారథి గొంతు లేచింది. ఫోను దగ్గరగా పెట్టాడు. "అదేంటో చెప్పు. వీడియోలో పడేలా చెప్పు."

"సీల్ ముద్ద" అంది ఆమె. "రెండు ముక్కలు కలిపి పిసికి, కారే చోట పెడతారు."

"ఎవరు పెడతారు?"

"ప్లంబర్లు. మెకానిక్కులు."

"మీ నాన్న పెట్టెలో ఉంటుందా ఇది?"

ఆమె టార్చి దించింది. ఉంటుంది. ఎప్పుడూ ఉంటుంది.

"ఉంటుందా, ఉండదా?"

"ఉంటుంది."

"చాలు!" అతను నవ్వాడు. నాలుగు రోజుల్లో మొదటిసారి నవ్విన నవ్వు, ఎదుటి మనిషిని చంపడానికి నవ్వినట్టుంది. "వాల్వు కారకుండా ముద్ద పెట్టి చేతులు దులుపుకుని పోయాడు. ముప్పై ఏళ్ళ అనుభవం! ఇక వెళ్ళు. పెన్ను ఇచ్చి రా మీ నాన్నకి."

ఒక్క క్షణం హిమబిందు కూడా నమ్మింది. డ్రిల్లు మర్చిపోయిన మనిషి. తలుపు మర్చిపోయిన మనిషి. అలవాటున చెయ్యి పెట్టెలోకి పోయి...

కాదు. ఆ చెయ్యి అలా పోదు. చుక్క పడాలి, ఆపకండి అని ముప్పై ఏళ్ళుగా ఇంటింటా అరిచే మనిషి అది.

గోడ పక్కనున్న స్టూలెక్కి ఆమె మళ్ళీ టార్చి ఎత్తింది. ఈసారి ముద్దని కాదు, దాని అంచుని చూసింది. అక్కడ బొటనవేలి ముద్ర అచ్చుగా దిగి ఉంది. చిన్న చేతిది. ఆ గీతల్లో సన్నగా పచ్చని రంగు.

"సార్, ఇక్కడికి తెండి ఫోను. ఇంకా దగ్గరగా. ఈ రంగు ఏంటి?"

"ఏ రంగు?"

"మా నాన్న చేతులు పొద్దున్న చూశారుగా. గోళ్ళ నిండా నల్ల గ్రీజు, సబ్బుకి కూడా పోదు. ఆయన పిసికిన ముద్ద ఎప్పుడూ నల్లగానే వస్తుంది. ఇది పచ్చగా ఉంది. పసుపు సార్. పసుపు చేత్తో పిసికారు."

శారద చెయ్యి మెల్లగా చీర కొంగులోకి పోయింది.

విజయసారథి తల్లి వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడ్డాడో మెడ నరాల్లో తెలిసింది. "ఈ ఇంట్లో పసుపు ఎక్కడ పడితే అక్కడ ఉంటుంది. ఎగిరొచ్చి అంటుకుని ఉంటుంది. కోర్టులో ఇది ఒక్క నిమిషం నిలబడదు."

నిజమే. నిలబడదు. హిమబిందు నేరుగా శారద వైపు తిరిగింది.

"అమ్మగారూ, చుక్క ఈ దండెం మీద పడేదా?"

"దాంతో మాట్లాడకమ్మా" అన్నాడు కొడుకు.

కానీ శారద కడుపులో ఆ మంట పాతది. ఆగలేదు. "దండెం మీద కాదు, సరాసరి మడిబట్టల మీద! ఆ వాల్వులో రబ్బరు ఉంటుంది, గ్రీజు ఉంటుంది, ఎన్ని చేతులు పడి ఉంటాయో తెలీదు. ఆ నీళ్ళు పడ్డ బట్ట మడెలా అవుతుంది? అది కట్టుకుని ఆయన సంధ్య ఎలా వార్చాలి? దాన్ని పక్కకి తిప్పరా బాబూ అంటే మీ నాన్న ఏమన్నాడో తెలుసా? దండెం పక్కకి జరుపుకోండి అన్నాడు! మా అత్తగారి కాలం నాటి దండెం!"

"అందుకని?"

"అమ్మా, లోపలికి వెళ్ళు!"

సరిగ్గా అప్పుడే విజయసారథి చేతిలో ఫోను మోగింది.

*

చెల్లెలు మేఘన. బాపట్లలో స్కూల్ టీచరు. అతను కంగారులో స్పీకరు నొక్కాడు.

"అన్నయ్యా, స్నానం చేసి గుంటూరు బయల్దేరుతున్నా. నాన్న ఏమైనా తిన్నాడా?"

"నేను రేపల్లెలో ఉన్నాను. మళ్ళీ చేస్తాను."

"సరే. ఇక్కడ మా గీజరు కూడా రెండు రోజుల నుంచి చంపుతోంది. ఒకటే రాళ్ళ చప్పుడు. నీళ్ళు చూస్తే ఎర్రగా. నాన్న సంగతి తేలాక దీని సంగతి చూడాలి. ఉంటా."

"పెట్టెయ్యకండి!" హిమబిందు అరిచింది. "అక్కా, గీజరు వేసి ఎంతసేపైంది?"

"ఎవరది? ... గంటన్నర అయ్యుంటుంది. ఏం?"

"లైటు ఆరిందా?"

"లేదు. ఈమధ్య ఆరట్లేదు."

"కింద వాల్వు దగ్గర చుక్క పడుతోందా?"

"పడేది. దీపావళికి అమ్మ వచ్చి పది రోజులుంది. అప్పటి నుంచి ఆగిపోయింది. అసలు ఎవరు నువ్వు?"

హిమబిందు శారదని చూసింది. శారద మొహంలో రక్తం లేదు.

"అక్కా, నా మాట విను. వెంటనే గీజరు ఆపి ఇంట్లోంచి బయటికి వెళ్ళిపో. కుళాయి తిప్పొద్దు. నేను తెనాలి ముత్తయ్యగారి అమ్మాయిని."

మేఘన గొంతు మారిపోయింది.

"మా నాన్నని కాల్చినవాడి కూతురివా నువ్వు? నువ్వు చెప్తే నేను గీజరు ఆపాలా? ఆపితే రేపు వచ్చి కొత్తది అమ్ముతావా? అన్నయ్యా, సిగ్గులేదూ నీకు, దాన్ని ఇంట్లోకి రానిచ్చి నా ఫోను దాని చేతికిచ్చావా?"

"అక్కా, దయచేసి..."

"అక్క ఎవరే నీకు? నేను స్నానానికి పోతున్నా."

"సార్, మీరు చెప్పండి!" హిమబిందు విజయసారథి మీద మీదకి వెళ్ళింది. "నేను చెప్తే వినదు. ఎందుకు ఆపాలో చెప్తేనే ఆపుతుంది. చెప్పండి!"

అతను నోరు తెరిచాడు. ఎందుకు ఆపాలో చెప్పాలంటే ముద్ద గురించి చెప్పాలి. ముద్ద గురించి చెప్పాలంటే అది పెట్టిందెవరో చెప్పాలి. జేబులో కాగితం ఉంది. చేతిలో ఫోనులో ఇప్పటిదాకా తీసిన వీడియో ఉంది. లాయరు బుర్ర ఒక్క క్షణం లెక్క వేసింది.

ఆ ఒక్క క్షణంలో శారద వచ్చింది. తడిచీర తడబడుతుంటే వచ్చి, మడి సంగతి మర్చిపోయి, కొడుకు చేతిలోంచి ఫోను గుంజుకుంది.

"ఒసే మేఘనా! ఆ గదిలోకి పోకే! బయటికి పో! ఆ చుక్క నేనే ఆపానే. నా బట్టల మీద పడుతోందని సీల్ ముద్ద పెట్టాను. ఇక్కడా నేనే పెట్టాను. అది మూసేశాకే ఇక్కడ పేలింది. ఫో! నన్ను తరవాత తిడుదువు గాని, ముందు బయటికి ఫో!"

"అమ్మా..."

"స్విచ్ ఆపు ముందు!"

అడుగుల చప్పుడు. టక్కుమన్న చప్పుడు. మళ్ళీ టక్కు, టక్కు.

"అమ్మా, స్విచ్ ఆపినా లైటు ఆరట్లేదు."

హిమబిందు ఫోను మీదకి వంగింది. "స్విచ్ లోపల కరిగి అతుక్కుపోయింది. మెయిన్ ఎక్కడుంది?"

"మెట్ల కింద. వీధి వైపు."

"పరిగెత్తు. మెయిన్ పడగొట్టి, అటు నుంచి అటే వీధిలోకి పో. బాత్రూం తలుపు దగ్గరికి మాత్రం వెళ్ళొద్దు."

పరుగు వినపడింది. తలుపు. ఎక్కడో వెనక ఆవిరి బుస. తరవాత గట్టిగా ఒక క్లిక్కు. బుస ఆగలేదు. ముగ్గురూ ఫోను చుట్టూ నిలబడి ఆ బుసనే విన్నారు.

మోటార్ సైకిలు హారను వినపడింది. వీధి.

"బయట ఉన్నాను" అంది మేఘన. ఏడుస్తోంది. "మెయిన్ ఆపాను. కిటికీలోంచి పొగలొస్తున్నాయి. అమ్మా, నాన్నకి ఇలా అయ్యాక కూడా నాకు ఎందుకు చెప్పలేదు? నాలుగు రోజులమ్మా!"

శారద ఫోను కొడుకు చేతిలో పెట్టేసింది.

"సాయంత్రం దాకా లోపలికి వెళ్ళొద్దు" అంది హిమబిందు. "చల్లారాక నేనే వస్తాను."

మేఘన కట్ చేసింది.

*

విజయసారథి చేసిన మొదటి పని వీడియో తుడిచెయ్యడం. హిమబిందు చూస్తుండగానే తుడిచేశాడు. తరవాత జేబులో కాగితం తీసి నాలుగు ముక్కలు చేశాడు.

"అయిపోయింది. కంప్లైంటు లేదు, ఏమీ లేదు. పాత గీజరు, దానంతట అదే పేలింది. మీ నాన్న ఏమీ చెయ్యలేదు, నువ్వు ఏమీ వినలేదు. వెళ్ళు."

"మా నాన్న ఏమీ చెయ్యలేదని మా నాన్నకే తెలీదు సార్. మీ వీధి మొదట్లో దారి చెప్పినవాడికీ తెలీదు."

"మా అమ్మ పేరు ఈ గేటు దాటిందంటే నీ షాపు తాళం నేనే వేయిస్తాను. ఏ కేసు ఎలా పెట్టాలో నాకు నేర్పక్కర్లేదు."

"పెట్టుకోండి." హిమబిందు తన ఫోను తీసి తండ్రికి చేసింది. స్పీకరు ఆన్ చేసి శారద ముందు పట్టుకుంది. "అమ్మగారూ, నేను చెప్తే నమ్మడు. కూతురు కాబట్టి అలా అంటోంది అనుకుంటాడు. మీరే చెప్పండి."

మొదటి రింగుకే ఎత్తాడు. "హిమా? నేనేనా?"

శారద పామును చూసినట్టు ఫోను వంక చూసింది. నోరు విప్పింది. విప్పినా గొంతులో మెత్తదనం లేదు.

"ముత్తయ్యా, నేను. వాల్వు బాగానే బిగించావు. చుక్క ఆపింది నేను. నువ్వు ఆరోజు దాన్ని పక్కకి తిప్పి ఉంటే నాకీ గతి పట్టేది కాదు."

అటు నుంచి ముత్తయ్య అడిగాడు. "నేను వచ్చేసేటప్పటికి చుక్క పడుతోందా అమ్మగారూ?"

"పడుతూనే ఉంది. అయిదు రోజులు నా ప్రాణం తీసింది."

"పడుతోంది" అన్నాడు ముత్తయ్య, తనలో తను. మళ్ళీ అన్నాడు. "పడుతోంది."

"విన్నావుగా. ఇంకెప్పుడూ మా గడప తొక్కకు."

"తొక్కను. ఒక్క మాట అమ్మగారూ. ఈ ముద్ద సంగతి ఇంకెవరికైనా చెప్పారా?"

విజయసారథి అడ్డం వచ్చాడు. "ఎవరికీ చెప్పలేదు, చెప్పదు. నువ్వూ చెప్పకు."

"నా పరువు గురించి కాదు బాబూ. ఇలా పెడితే చుక్క ఆగుతుందని ఎవరికైనా నేర్పారా అని."

శారద వసారా స్తంభం పట్టుకుంది.

"అమ్మా?" అన్నాడు కొడుకు.

"లక్ష్మివారం పేరంటంలో..." అంది ఆమె. "మీ దండెం పొడిగా ఎలా ఉంటోంది వదినా అని అడిగారు. చెప్పాను. నలుగురికి. ఇద్దరికి నా దగ్గర మిగిలిన ముద్దే ఇచ్చాను."

"ఆ మర్నాడే నాన్నకి అలా అయిందిగా! వాళ్ళకి తీసెయ్యమని చెప్పలేదా?"

"చెప్తే నేనే చేశానని చెప్పినట్టు కాదూ?" శారద కొడుకు మీద విరుచుకుపడింది. "నువ్వేగా ముత్తయ్య, ముత్తయ్య అని ఊరంతా చాటావు! అదే నిజం అయ్యుంటుందిలే అని నోరు మూసుకున్నాను!"

"నలుగురి ఇళ్ళూ ఎక్కడ?" హిమబిందు అడిగింది.

"ఈ వీధే."

విజయసారథి గేటుకి అడ్డంగా నిలబడ్డాడు. "నేను వెళ్తాను. కరెంటు ఎక్కువ తక్కువ వస్తోంది, గీజర్లు ఆపండి అని చెప్తాను. అమ్మా, నువ్వు లోపలుండు."

"అలా చెప్తే ఇవాళ ఆపి రేపు వేసుకుంటారు సార్" అంది హిమబిందు. "ముద్ద అలాగే ఉంటుంది."

అతను నోరెత్తేలోగా శారద అతన్ని భుజంతో తోసుకుంటూ గేటు దాటింది. తడిచీర, చెప్పుల్లేని కాళ్ళు, ముడి ఊడి వీపు మీద పడ్డ జుట్టు. ఎప్పుడూ ఆ వీధిలో అలా నడిచిన మనిషి కాదు. అరుగుల మీద వాళ్ళు లేచి నిలబడ్డారు.

మొదటి గేటు ఆమే కొట్టింది. "ధనమ్మా! ఒసే ధనమ్మా! గీజరు వేసుందా?"

చేతిలో గరిటెతో ధనమ్మ బయటికి వచ్చింది. "వేసుంది వదినా. ఏమైంది? అన్నయ్యగారికి...?"

"ఆయన బాగానే ఉన్నాడు. మెయిన్ ఆపు. నేను చెప్పానని పెట్టుకున్నావే, ఆ ముద్ద, దానివల్లే మా ఇంట్లో పేలింది. పెట్టింది నేను."

"అదేంటి వదినా, ఆ తెనాలి మెకానిక్కు సరిగా బిగించలేదని..."

"అతను సరిగ్గానే బిగించాడు! చెప్తున్నాగా, పెట్టింది నేనని! ఎన్నిసార్లు చెప్పించుకుంటావే నా చేత?"

ధనమ్మ గరిటె అక్కడే వదిలేసి లోపలికి పరిగెత్తింది.

"ముద్ద మీరు పీకొద్దండీ, మెయిన్ మాత్రం ఆపండి, నేను వస్తాను" అని హిమబిందు వెనక నుంచి అరిచింది. ఆమె చేతిలో ఫోను ఇంకా కట్ కాలేదు. స్పీకర్లో తెనాలి షాపు ఫ్యాను చప్పుడు వినపడుతూనే ఉంది.

శారద వెనక్కి తిరిగింది. కళ్ళు నిప్పుల్లా ఉన్నాయి.

"మీ నాన్న విన్నాడా? వీధంతా విందా? నీ కడుపు నిండిందా? ఇంకా నా వెనకే ఎందుకు వస్తున్నావు?"

"ఇంకా మూడిళ్ళున్నాయి అమ్మగారూ" అంది హిమబిందు. "నడవండి."